దక్షిణం దర్వాజా, మూడు కాళ్ల కప్ప



కర్నూల్లో మా ఛోటీ ఆపా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక కప్ప కూర్చుని ఉంది. ఇత్తడిది. మూడే కాళ్లు. నోట్లో ఒక నాణెం, కింద నాణేల కుప్ప. దాని మొహం ఎప్పుడూ ఇంట్లోకి చూస్తుండాలట, దర్వాజా వైపు తిరిగితే దౌలత్ బయటికి గెంతుతుందట. ఫజర్ తర్వాత యాసీన్ చదవనిదే చాయ్ ముట్టని మా ఆపా, ఇల్లు ఊడ్చాక కప్ప మొహం సరిచేస్తోంది. చూసి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు, ఎందుకంటే ఇంట్లో బహూ కనిపించలేదు. "మైకే గయీ, ఆరాం కే వాస్తే" అంది ఆపా నా వైపు చూడకుండా. నాలుగు నెలల నుంచి ఆరామట.

జరిగింది ఇదీ. దుల్హేభాయ్ బట్టల దుకాణం రెండేళ్లుగా నష్టాల్లో ఉంది. అదే సమయంలో బహూకి ఐదో నెలలో గర్భం పోయింది. డాక్టరమ్మ బీపీ గురించి చెప్పింది, మందులు రాసింది. అది ఎవరికీ చాల్లేదు. దుల్హేభాయ్ దోస్త్ ఒకాయన "వాస్తు ప్లస్ ఫెంగ్‌షుయి" చూసే మనిషిని పట్టుకొచ్చాడు. ఇరవై ఐదు వేల ఫీజు, కప్పా తాబేలూ అదనం. ఆయన దిక్సూచి పట్టుకుని గదులన్నీ తిరిగి, దర్వాజా దక్షిణం వైపుంది, ఖతర్నాక్ అన్నాడు. నైరుతి మూల కిటికీని ఇటుకలతో మూయించాడు. తర్వాత అందరి పుట్టిన తేదీలూ అడిగాడు. అబ్బాయి 1992, కోతి. బహూ 1998, పులి. కోతికీ పులికీ పడదు, పులి అడుగుపెట్టిన ఇల్లు ఇలాగే ఉంటుంది అని చెప్పి ఫీజు తీసుకుని వెళ్లిపోయాడు. మన్హూస్ అనే మాట ఆయన అనలేదు. మూడో రోజు ఆపా సాస్ అంది.

అందుకే రాస్తున్నాను. కప్ప మీద జోకులేసుకోవడానికైతే ఇంత రాత్రి కూర్చునేవాణ్ణి కాదు.

ముందు దక్షిణం సంగతి. మన బజార్లో దక్షిణం దర్వాజా ఇల్లంటే సగం మంది చూడ్డానికి కూడా రారు. అది యముడి దిక్కని వాస్తు చెబుతుంది, ఆ భయం మన మొహల్లాల్లోకీ వచ్చేసింది. మరి ఫెంగ్‌షుయి ఏమంటుంది? సరిగ్గా ఉల్టా! చైనాలో దక్షిణం ముఖంగా ఉన్న ఇల్లే అన్నింటికన్నా మంచిది. బీజింగ్‌లో చక్రవర్తుల మహల్ మొత్తం దక్షిణం వైపు చూస్తుంది. సింహాసనం దక్షిణం వైపే, పెద్ద దర్వాజా దక్షిణంలోనే. బీజింగ్‌లో బాద్‌షాకి పనికొచ్చిన దిక్కు కర్నూల్లో బట్టల దుకాణందారుకి ఖతర్నాక్ ఎట్లా అయింది? ఒకే మనిషి ఒకే సంచిలో ఈ రెండు ఇల్ములూ పెట్టుకుని తిరుగుతున్నాడు. దర్వాజాని చూసి భయపెట్టడానికి వాస్తు, ఆ భయానికి ఇలాజ్‌గా అమ్మడానికి ఫెంగ్‌షుయి.

చైనా వాళ్లను నేను తిట్టడం లేదు. వాళ్ల లెక్కకు ఒక జమీన్ ఉంది, ఒక మౌసమ్ ఉంది. ఫెంగ్ అంటే గాలి, షుయి అంటే నీళ్లు. ఇంటికి నాలుగు దిక్కులా నాలుగు జంతువులు: ఉత్తరాన నల్ల తాబేలు, దక్షిణాన ఎర్ర పక్షి, తూర్పున పచ్చ డ్రాగన్, పడమట తెల్ల పులి. వెనక తాబేలు డిప్పలాంటి కొండ, రెండు పక్కలా డ్రాగన్, పులి లాంటి గుట్టలు, ముందు పక్షి ఎగరడానికి ఖుల్లా జాగా. ఉత్తర చైనాలో చలికాలం సైబీరియా వైపు నుంచి ఎముకలు కొరికే గాలి వస్తుంది. వెనక కొండ ఉంటే అది ఆగుతుంది. బీజింగ్ 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అక్కడ సూరీడు ఏడాది పొడుగునా దక్షిణం నుంచే వెలుగిస్తాడు. దక్షిణం దర్వాజా ఉంటే చలికాలం ఎండ ఇంట్లోకొస్తుంది. చలితో బతికినవాళ్ల అఖల్ అది.

కర్నూలు 16 డిగ్రీల దగ్గర ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మనకు మిట్టమధ్యాహ్నం సూరీడు కొద్దిగా ఉత్తరం వైపే ఒరుగుతాడు. మనం కోరేది చలి ఆపే కొండ కాదు, ఉక్కపోత తీసే గాలి. ఆ గాలి జూన్‌లో ఎటునుంచి వస్తుంది? దాని పేరులోనే ఉంది, నైరుతి! సరిగ్గా ఆ మూల కిటికీనే ఇటుకలు పెట్టి మూశారు. ఇప్పుడు ఆపా వంటింటి పక్క గదిలో పగలు కూడా బల్బు వేసుకుని చెమటలు కక్కుతోంది. గాలి పేరు మీద పుట్టిన ఇల్మ్‌తో గాలిని బంద్ చేయించుకోవడం మనకే చెల్లింది.

ఇక జంతువులు. చైనా ఇళ్లల్లో గబ్బిలం బొమ్మ చెక్కుకుంటారు, తెలుసా? వాళ్ల భాషలో గబ్బిలాన్నీ 'ఫూ' అంటారు, బర్కత్‌నీ 'ఫూ' అంటారు. చేప 'యూ', మిగులు కూడా 'యూ'. అంతా మాటల ఆట. మన ఇంట్లో గబ్బిలం దూరితే నానీమా చీపురు పట్టుకుని వెంటపడేది, అపశకునమని వణికేది. గబ్బిలం రెండు చోట్లా ఒకటే. మారింది భాష. మనం ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బయట తెలుగు. చైనీస్ భాషలోని శ్లేష మన గల్లాపెట్టెలోకి పైసలెట్లా తెస్తుంది? పిషియూ అని ఇంకో జంతువు అమ్ముతున్నారు. దానికి వెనక ద్వారం లేదట, తిన్న బంగారం బయటికి రాదట. మలబద్ధకాన్ని రిజ్క్ అని నమ్మి కొంటున్నాం, మాఫ్ చేయండి, ఇంతకన్నా అదబ్‌గా చెప్పడం రాలేదు.

కొందరు బొమ్మ చాలదని ప్రాణమున్నదే తెస్తారు. రాయలసీమ కొండల్లో పట్టిన నక్షత్ర తాబేళ్లను దౌలత్ కోసం చాటుగా కొని టబ్బుల్లో పెంచుతారు. అది నేలమీద బతికే జీవి, నీళ్లలో ఉంచితే చస్తుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం నేరం. పిల్లిని కట్టేసి ఆకలికి చంపిన ఆడమనిషి హదీసు మన పిల్లలకు మదర్సాలో మొదటి ఏడాదే చెబుతారు కదా!

ఇప్పుడు పులి. ఇక్కడే నాకు కోపం ఆగదు. పుట్టిన సంవత్సరాన్ని జంతువుతో కట్టే ఈ లెక్క ఎక్కడికి పోయినా ఆడపిల్ల మెడకే చుట్టుకుంటుంది. చైనాలో పులి సంవత్సరం పిల్లను పెళ్లి ఇళ్లకు దూరంగా ఉంచే ఆచారం ఉంది. జపాన్‌లో 'అగ్ని గుర్రం' సంవత్సరంలో పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగుతుందని వహమ్. 1965లో ఆ దేశంలో సుమారు 18 లక్షల 20 వేల మంది పుట్టారు, అగ్ని గుర్రం వచ్చిన 1966లో 13 లక్షల 60 వేలు, మరుసటి ఏడు మళ్లీ 19 లక్షలు దాటారు. రైళ్లు, ఫ్యాక్టరీలు, చదువు అన్నీ ఉన్న దేశంలో ఒక గుర్రం బొమ్మకు భయపడి లక్షల ఇళ్లల్లో పిల్లలు వద్దనుకున్నారు.

ఒక సంగతి చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చైనా పంచాంగం జనవరి ఒకటిన మారదు. 1998లో పులి సంవత్సరం మొదలైంది జనవరి 28న. మా బహూ పుట్టింది జనవరి మొదటి వారంలో. అంటే వాళ్ల లెక్క ప్రకారమే ఆమె పులి కాదు, ఎద్దు! ఇరవై ఐదు వేలు తీసుకున్నాయనకు తన ధంధా కూడా సరిగా రాదు. ఈ మాట ఆపా ఇంట్లో చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. చెబితే బహూ ఎద్దు కాబట్టి తిరిగి రావచ్చు అని తేలుతుంది. రేపు నిజంగా ఫిబ్రవరిలో పుట్టిన పిల్ల వస్తే ఆమెను వెళ్లగొట్టవచ్చని కూడా తేలుతుంది. ఆ ఆటలో గెలవడం నాకొద్దు.

మన దీన్ ఈ విషయంలో గుసగుసలాడలేదు. తైర్ అంటే పక్షి. జాహిలియా కాలం అరబ్బులు ప్రయాణానికి ముందు పక్షిని అదిలించేవాళ్లు, కుడికి ఎగిరితే బయల్దేరేవాళ్లు, ఎడమకైతే వాపస్. దాన్నే తియరా అన్నారు, రసూలల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం దాన్ని షిర్క్ అని చెప్పారని అబూ దావూద్‌లో, తిర్మిజీలో ఉంది. గుడ్లగూబ నహూసత్, సఫర్ నెల నహూసత్ అన్నీ లేవని బుఖారీ, ముస్లింలలో ఉంది. దర్వాజా గురించైతే ఖుర్ఆన్‌లోనే వచ్చింది. ఇహ్రామ్‌లో ఉన్నవాళ్లు ముందు దర్వాజాలోంచి ఇంట్లోకి రాకూడదని వెనకనుంచి దూరేవాళ్లు, అందులో నేకీ ఏమీ లేదని సూరె బఖరా 189వ ఆయత్ తేల్చేసింది. మొహాలు తూర్పుకో పడమరకో తిప్పడమే నేకీ కాదని అదే సూరా 177లో ఉంది.

"మరి మనకూ ఖిబ్లా ఉంది కదా మామూ, అదీ దిశే కదా" అని ఆపా కొడుకు అడిగాడు. మంచి సవాలే. ఖిబ్లా వైపు తిరిగేది హుకుం కాబట్టి, ఆ దిక్కులోంచి పైసలొస్తాయని కాదు. హిజ్రత్ తర్వాత పదహారు, పదిహేడు నెలలు బైతుల్ మఖ్దిస్ వైపు చదివి, హుకుం రాగానే కాబా వైపు తిరిగారు. దిక్కులోనే బర్కత్ ఉంటే మారేది కాదు. హజ్రె అస్వద్‌ను ముద్దుపెట్టుకుంటూ హజ్రత్ ఉమర్ రజియల్లాహు అన్హు నువ్వు రాయివి, నఫా నుక్సాన్ నీ చేతిలో లేవని ఎరిగే చేస్తున్నానన్నారు. ఫ్రిజ్ మీది కప్పతో ఆ మాట అనగలమా?

చైనాలోనే షియాన్ నగరంలో పెద్ద మస్జిద్ ఉంది. ఇప్పుడున్న కట్టడం 1392లో మింగ్ బాద్‌షాల కాలంలో మొదలైంది. వంపు తిరిగిన పైకప్పులు, అంగణాలు, అన్నీ చైనా తరహాయే. కానీ మొత్తం కట్టడం తూర్పు నుంచి పడమరకు సాగుతుంది, నమాజ్ హాలు మక్కా వైపు. మందిరాలూ మహళ్లూ దక్షిణం వైపు చూసే దేశంలో అక్కడి ముసల్మానులు అలా కట్టుకున్నారు.

ఒక హదీసు నా ముందు పెట్టేవాళ్లుంటారు, ముందే చెప్పేస్తా. నహూసత్ అనేది ఉంటే ఇల్లు, ఔరత్, గుర్రంలో ఉండేదన్న రివాయత్ బుఖారీలో ఉంది. 'ఉంటే' అనే మాట మింగేసి చదవకండి. హజ్రత్ ఆయిషా రజియల్లాహు అన్హా ఇది విని సఖ్త్ నారాజ్ అయ్యారని, జాహిలియా వాళ్లు అలా అనేవాళ్లని రసూలల్లాహ్ చెప్పారని సరిదిద్దారని ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఉలమాల్లో మరికొందరు ఇరుకిల్లు, చెడ్డ పొరుగు అని అర్థం చెప్పారు. ఏ అర్థం తీసుకున్నా బహూని మైకా పంపే దారి అందులో లేదు.

చైనా కప్పను తిట్టి సంతోషపడితే మనకు సిగ్గుండాలి. సఫర్ నెలలో తేరా తేజీ పదమూడు రోజులు నిఖాలు ఆపేది మనమే. గుడ్లు, నూనె తలచుట్టూ తిప్పి ఉతారా తీసేది మనమే. కొత్త బండికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టి, నంబర్ ప్లేటు మీద 786 రాయించేదీ మనమే. కప్పకు దారి ఎప్పుడో వేసి పెట్టాం, అది గెంతుకుంటూ వచ్చింది.

పోయిన జుమా నాడు ఆపా ఫోన్ చేసింది. మేస్త్రీ వచ్చి నైరుతి కిటికీ ఇటుకలు తీస్తున్నాడట, ఆ దెబ్బల చప్పుడు నాకూ వినబడింది. రేపు తానూ కొడుకూ కలిసి బహూని తీసుకురావడానికి నంద్యాల పోతున్నారట. సాస్ రానంది. కప్ప మాత్రం ఫ్రిజ్ మీదే ఉంది. పద్దెనిమిది వందలు పోసి కొన్నది పారేయడానికి దుల్హేభాయ్‌కి మనసొప్పడం లేదు.