కళ్ళు మూసుకుంటే అదే దృశ్యం!

రోడ్డు మీద ప్రమాదం జరిగితే మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు వస్తాయి. పోయినవాళ్ళ పేరు, వయసు, ఊరు వేస్తారు. దెబ్బలు తగిలినవాళ్ళని ఏ ఆస్పత్రిలో చేర్పించారో రాస్తారు. ఆ నాలుగు లైన్లలోకి ఎప్పుడూ ఎక్కనివాళ్ళు కొందరుంటారు. ఆ సమయానికి పక్కనే కూరలు బేరమాడుతున్నవాళ్ళు, పిల్లల స్కూలు బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, డాబా మీద బట్టలు ఆరేసుకుంటున్నవాళ్ళు. వాళ్ళ ఒంటి మీద చిన్న గీత కూడా పడదు. ఇంటికొచ్చి ఎప్పటిలాగే కుక్కరు పెడతారు, పిల్లలకి అన్నాలు పెడతారు. రాత్రి మాత్రం కన్ను మూతపడదు. ఈ వారం వాళ్ళ గురించి మాట్లాడుకుందాం.

ఇదేదో ఎక్కడో ఒకరికి ఎదురయ్యే సంగతి అనుకోకండి. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో చూస్తే 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్ళలో నూటికి 44 మందికి పైగా స్కూటర్ల మీదా, మోటారు సైకిళ్ళ మీదా వెళ్తున్నవాళ్ళే. ఆ ప్రతి ప్రమాదం దగ్గరా చూస్తూ నిలబడిపోయినవాళ్ళు ఎందరో ఊహించుకోండి.

మా వీధిలో ఒక ఇల్లాలుంది. పేరెందుకు లెండి. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, ఇద్దరు పిల్లలు. ఆమధ్య సాయంత్రం మెయిన్ రోడ్డు మీద బండి దగ్గర ఆకుకూరలు కొంటోంది. లారీ పక్కనుంచి దూసుకొచ్చిన మోటారు సైకిలు ఆవిడ కళ్ళ ముందే పడిపోయింది. కాలేజీ కుర్రాడు. తలకి హెల్మెట్ లేదు. జనం మూగారు కానీ ముందుకి వెళ్ళినవాళ్ళు తక్కువ. ఈవిడ వెళ్ళింది. చున్నీ తీసి తలకి అదిమి పట్టుకుంది. ఎవరో 108కి ఫోన్ చేశారు. బండి వచ్చేసరికే ఆ అబ్బాయి ఊపిరి ఆగిపోయింది. అప్పటిదాకా అతని జేబులో ఫోను మోగుతూనే ఉందట.

“ఇప్పుడు మా ఇంట్లో ఫోను మోగితే చేతిలో గరిటె జారిపోతోంది పిన్నిగారూ” అంది నాతో. బీట్‌రూట్ కొయ్యడం మానేసింది. మెయిన్ రోడ్డు దాటాల్సి వస్తుందని పాపని డ్యాన్సు క్లాసు మాన్పించింది. వాళ్ళాయన ఆఫీసు నుంచి పది నిమిషాలు ఆలస్యమైతే ఇరవైసార్లు ఫోన్ చేస్తుంది. బండి నడిపేటప్పుడు ఆయన ఎలా ఎత్తుతాడు? ఎత్తలేదని ఇంటికొచ్చాక పోట్లాట. “మనవాడా, మన చుట్టమా? మర్చిపో” అంటాడాయన. అత్తగారు దిష్టి తీసి, తాయెత్తు కట్టించారు. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు. ఎవరికీ ఏం చెయ్యాలో తెలియదు, అంతే.

ఇది పిరికితనం కాదు

ముందుగా ఒక మాట. చావుని అంత దగ్గరగా చూసిన మనిషికి ఇలా అవడం సహజం. ప్రమాదం కనబడగానే మన ఒంట్లో అడ్రినలిన్ అనే ద్రవం ఊరుతుంది. గుండె దడదడలాడుతుంది, చేతులు చల్లబడతాయి, కండరాలు బిగుసుకుంటాయి. పారిపోవడానికో, ఎదుర్కోవడానికో శరీరం సిద్ధపడుతుందన్నమాట. అదే సమయంలో అక్కడి శబ్దాలూ, వాసనలూ, రంగులూ మెదడులో గట్టిగా నాటుకుపోతాయి. తర్వాత వాటిలో ఏ ఒక్కటి ఎదురైనా ‘మళ్ళీ ప్రమాదం’ అని మెదడు గంట కొట్టేస్తుంది. ఫోను మోతకి గరిటె జారడం అందుకే.

నిద్ర పట్టకపోవడం, పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఆకలి చచ్చిపోవడం, పిల్లల మీద ఊరికే చిరాకుపడటం, ఆ దారిలో వెళ్ళలేకపోవడం... ఇవన్నీ ఇందులో భాగమే. కొందరికి అసలు ఏడుపే రాదు. మొద్దుబారిపోయినట్టుంటారు. అది రాతిగుండె అనుకోకండి, అదీ ఇందులో భాగమే. చాలామందికి రెండు మూడు వారాల్లో వాటంతటవే తగ్గుముఖం పడతాయి.

“దెబ్బ తగిలినవాళ్ళకి కదా బాధ, చూసినవాళ్ళకేమిటి?” అని అడిగేవాళ్ళున్నారు. 1980లో అమెరికా మానసిక వైద్యులు ఈ బాధని ఒక జబ్బుగా గుర్తించి తమ పుస్తకంలో చేర్చుకున్నారు. దెబ్బ తిన్నవాళ్ళకే కాదు, కళ్ళారా చూసినవాళ్ళకీ అది రావచ్చని ఇప్పుడు వైద్యులందరూ ఒప్పుకుంటారు.

మొదటి రోజుల్లో...

* ఆ రాత్రి ఒంటరిగా పడుకోకండి. అమ్మో, అక్కో, చెల్లెలో ఎవరైనా పక్కనుంటే మంచిది. గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేసి, ముద్ద దిగకపోయినా చారన్నమో, మజ్జిగన్నమో కాస్త తినండి. సాయంత్రం దాటాక కాఫీ, టీ వద్దు. అసలే కొట్టుకుంటున్న గుండెని అవి ఇంకా పరుగెత్తిస్తాయి.

* పొద్దున ముగ్గు వెయ్యడం, పిల్లల క్యారేజీలు కట్టడం, పూలు మాల కట్టడం... రోజూ చేసే పనులు కొన్నయినా మానకండి. అన్నీ చెయ్యక్కర్లేదు. చేతులకి అలవాటైన పని మనసుని కాస్త నిలబెడుతుంది.

* చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకోండి. అనిపించకపోతే వద్దు. ఒకప్పుడు ప్రమాదం జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి జరిగినదంతా వరసగా చెప్పించేవారు. దానివల్ల ఒరిగేదేమీ లేదనీ, కొందరికి బాధ పెరుగుతుందనీ తర్వాత పరిశోధనల్లో తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వేసిన చిన్న పుస్తకంలో కూడా గుచ్చి గుచ్చి అడగవద్దనే ఉంది. పక్కన కూర్చోవడం, చెబితే వినడం, కావలసింది అందించడం చాలు. కనుక ఇరుగుపొరుగు అమ్మలూ, “ఎలా పడ్డాడే? రక్తం ఎంత పోయిందే?” అని అడగకండి.

* ఆ ప్రమాదం వీడియో సెల్‌ఫోన్‌లోకి వచ్చి పడితే తెరవకండి. వేరేవాళ్ళకి పంపకండి. చూసినకొద్దీ గాయం మళ్ళీ రేగుతుంది. పోయినవాడి తల్లికి అది చేరితే ఏమవుతుందో ఒక్కసారి తలచుకోండి.

* అత్తగారి నిద్రమాత్ర ఒకటి వేసుకుందామనుకోకండి. ఇలాంటి సంఘటన జరిగిన మొదటి నెలలో డయజిపామ్ తరహా మత్తు మాత్రలు ఈ బాధకి వాడవద్దని 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మాత్ర అవసరమో కాదో డాక్టరే తేల్చాలి.

దృశ్యం కళ్ళ ముందుకొచ్చినప్పుడు

వంట చేస్తుండగా హఠాత్తుగా అదంతా కళ్ళముందు తిరుగుతుంది. అప్పుడు ముందు స్టవ్ కట్టెయ్యండి. రెండు పాదాలూ నేలకి ఆనించి నిలబడండి. చల్లటి స్టీలు గ్లాసు చేత్తో పట్టుకోండి. కరివేపాకు రెబ్బ నలిపి వాసన చూడండి. ఎదురుగా ఉన్న అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి: పోపుల డబ్బా, అట్లకాడ, కేలండరు... ఊపిరి మెల్లగా పీల్చి, పీల్చిన దానికంటే ఎక్కువసేపు వదలండి. “ఇది జ్ఞాపకం. ఇప్పుడు జరగడం లేదు. నేను మా వంటింట్లో ఉన్నాను” అనుకోండి. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ, మెదడుని ‘అప్పటి’ నుంచి ‘ఇప్పటి’కి లాక్కొచ్చేది ఇలాంటి ఆనవాళ్ళే.

ఆ రోడ్డు సంగతి చూద్దాం. ఎంత తప్పించుకు తిరిగితే భయం అంత పెరుగుతుంది. అలాగని మొదటిరోజే వెళ్ళి అక్కడ నిలబడక్కర్లేదు. ఇవాళ ఎవరినైనా తోడు తీసుకుని వీధి చివరిదాకా వెళ్ళండి. రెండు రోజులు పోయాక మెయిన్ రోడ్డు దాకా. గుండెదడ కాస్త తగ్గేవరకూ అక్కడ నిలబడి రండి. వారానికో అడుగైనా ముందుకే పడాలి.

“నేను ఇంకేదైనా చేసి ఉంటే బతికేవాడేమో...”

ఈ ప్రశ్న మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. మామూలు మనిషి చెయ్యగలిగింది ఏమిటో లెక్క వేసుకుంటే కాస్త తెరిపి. 108కి చెప్పడం, వచ్చే బళ్ళని ఆపడం, రక్తం కారుతున్నచోట శుభ్రమైన గుడ్డతో అదమడం, మెడని కదపకుండా చూడటం, స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు పొయ్యకుండా ఆపడం. ఇంతే. లోపలి దెబ్బని ఆపడం రోడ్డు మీద మన చేతుల్లో లేదు. చివరి నిమిషాల్లో ఒక మనిషి చెయ్యి ఆ అబ్బాయికి తగిలింది. అది తక్కువ పనా? మీరే చెప్పండి.

దగ్గరికి వెళ్ళలేక వణుకుతూ నిలబడిపోయినవాళ్ళూ తమని తాము తిట్టుకోవద్దు. కాళ్ళు కదలకపోవడం కూడా ఆ భయానికి శరీరం ఇచ్చే జవాబే.

“పోలీసులు పిలుస్తారేమో, కోర్టుల చుట్టూ తిప్పుతారేమో” అనే దిగులు మరొకటి. క్షతగాత్రులకి సాయపడినవాళ్ళని వేధించకూడదంటూ కేంద్రం చేసిన మార్గదర్శకాలని 2016 మార్చిలో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షనుగా ఈ రక్షణ చేరింది. సాయం చేసినవాళ్ళు పేరు, చిరునామా చెప్పాలని ఎవరూ బలవంతపెట్టకూడదు. ఆస్పత్రిలో కట్టిపడెయ్యకూడదు. సాక్ష్యం చెప్పడం మన ఇష్టం. ఈ సంగతి ఇంట్లో మగవాళ్ళకీ, కాలేజీ పిల్లలకీ కూడా చెప్పి ఉంచండి.

ఇంట్లోవాళ్ళకి ఒక మాట

దిష్టి తీస్తే ఆవిడ మనసుకి ఊరట అనిపిస్తుందా, తియ్యండి. తప్పులేదు. అక్కడితో పని అయిపోయిందనుకోవద్దు. “మర్చిపో” అనడం వల్ల ఎవరూ మర్చిపోలేరు. “భయంగా ఉందా? నేనున్నాను” అంటే చాలు.

భర్తలు ఒక ఒప్పందం చేసుకోవచ్చు. ఆఫీసు చేరగానే ఒకసారి, బయల్దేరేటప్పుడు ఒకసారి తామే ఫోన్ చెయ్యాలి. మధ్యలో ఈవిడ చెయ్యకూడదు. బండి నడుపుతున్నంతసేపూ ఫోను మోగకపోవడం ఇద్దరికీ క్షేమం. ఆవిడ భయాన్ని వట్టి చాదస్తం అని కొట్టిపారెయ్యకండి కూడా. 2022లో హెల్మెట్ లేకుండా పోయిన 50,029 మందిలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. అందుకని ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్లు రెండు కొనండి. గడ్డం కింద పట్టీ బిగించుకోండి. చేతిలో హెల్మెట్ ఉన్న మనిషి గేటు దాటుతుంటే చూసే ఇల్లాలి గుండె సగం కుదుటపడుతుంది.

పిల్లలు చూశారా? అడిగిన దానికి చిన్న మాటల్లో నిజమే చెప్పండి. “నిద్రపోతున్నాడు” అంటే నిద్రంటేనే భయం పట్టుకుంటుంది. పక్క తడపడం, కొంగు వదలకపోవడం, బొమ్మ బళ్ళని గుద్దించి ఆడటం కొన్నాళ్ళు ఉంటాయి. కొట్టకండి, నవ్వకండి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

నెల దాటినా నిద్ర, తిండి, పనులు దారికి రాకపోతే వెళ్ళాల్సిందే. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే నెల ఆగకండి, ఆ రోజే వెళ్ళండి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలిమానస్ అని మొదలుపెట్టింది. 14416కి ఫోన్ చేస్తే రాత్రీ పగలూ మాట్లాడతారు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ తీసుకోరు. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. “పిచ్చాసుపత్రికా?” అని ఉలిక్కిపడకండి. జ్వరానికి వెళ్ళమూ? ఇదీ అంతే. తర్ఫీదు పొందినవాళ్ళు ఎదురుగా కూర్చుని, ఆ జ్ఞాపకాన్ని కొద్దికొద్దిగా తాకుతూ దాని వాడి తగ్గిస్తారు. కొందరికి మందులూ అవసరమవుతాయి.

మా వీధి ఇల్లాలు ఏడో వారంలో వెళ్ళింది. వాళ్ళాయనే సెలవు పెట్టి తీసుకెళ్ళాడు. కొన్ని నెలలు పట్టింది. పాప మళ్ళీ డ్యాన్సు క్లాసుకి వెళ్తోంది. ఆ అబ్బాయి గుర్తు రావడం మానలేదు. “గుర్తొస్తాడు పిన్నిగారూ, కానీ గరిటె జారడం లేదు” అంది.

ముక్కూ మొహం తెలియని మనిషి కోసం ఏడవడంలో సిగ్గేమీ లేదు. దేవుడి దగ్గర అతని పేరు మీద ఒక దీపం పెట్టుకోండి. ఆకలిగా ఉన్నవాళ్ళకి ఓ పూట అన్నం పెట్టండి. గుర్తు చేసుకోవడానికి ఒక రోజూ ఒక పద్ధతీ ఉంటే, మిగతా రోజులు కాస్త తేలికపడతాయి.

మీ వీధిలో ఈమధ్య ఇలాంటిది చూసొచ్చిన మనిషి ఉండే ఉంటుంది. “ఒంట్లో బాగుంది” అనే చెబుతుంది. గిన్నెలో కాస్త మిరియాల చారు పోసుకుని వెళ్ళండి. ఏమీ అడగక్కర్లేదు. ఆవిడ తిన్నంతసేపూ పక్కన కూర్చుని రండి.