జాతర పొద్దున ఒక పరుగు

ఏటా ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ కోసం ఆదోని నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వెళ్తాను. ఆదోని మార్కెట్ యార్డులో పత్తి లాట్లకు చీటీలు రాసే గుమాస్తాను. తెల్లవారకముందే పీపుల్స్ ప్లాజా దగ్గర వేలమంది కాళ్లు కదుపుతూ నిలబడతారు. దుర్గం చెరువు వంతెన దాటాక ఆఫీసరైనా ఆటో డ్రైవరైనా ఒకే నీళ్ల బల్ల దగ్గర చెయ్యి చాస్తారు. బాగుంటుంది. కానీ ఫీజు, చార్జీలు, లాడ్జి గది కలిపితే మా హమాలీ కుర్రాడు రాగలడా? బోరేలు మోసే వాడి ఊపిరి నాకంటే గట్టిది.

అందుకే అడుగుతున్నా: జనవరిలో మా దగ్గర్లోని ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి జాతరకు పది కిలోమీటర్ల పరుగు పెట్టకూడదా? బండలాగుడు పోటీల్లో ఎద్దులకు ఈలలు వేసే జనం మనుషులకు వెయ్యరా? చలి పొద్దు, ఆగస్టు ఉక్కపోత ఉండదు. రెండు గంటలు లారీలు ఆపాలి. ఒక అంబులెన్సు, రెండు కిలోమీటర్లకో నీళ్ల డ్రమ్ము, ఉప్పూ నిమ్మకాయలూ. పతకం బదులు మగ్గం తువ్వాలు కప్పండి. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు కదా!

ఆడపిల్లలకు బహుమతులు వేరుగా ఉండాలి. పొద్దున్నే ఎమ్మిగనూరు రోడ్డులో పరుగెత్తే నన్ను చూసి టీ బంకు అవ్వ "ఎవరు తరుముతాండారప్పా?" అంటుంది. నాకది నవ్వులాట. మా చెల్లెలు పరుగెత్తితే అడిగేవాళ్లు వేరు, అడిగే తీరు వేరు. ఊరంతా పరుగెత్తే రోజొకటి ఉంటే, దాని పేరు చెప్పి అయినా మిగతా రోజుల్లో బూట్లు వేసుకుని గడప దాటుతుంది.