ఏ పనికి ఏ టార్చిలైటు?



మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు తండాల నుంచి వచ్చిన పిల్లలం మనం. మన ఇళ్లల్లో బ్యాట్రీ లైటు లేకుండా రాత్రి గడవదు. సంతలో కొనేటప్పుడు మనవాళ్లు అడిగేది ఒకటే. "వెలుగు బాగా కొడతాదా?" అంగడాయన గోడ మీదికి కొట్టి చూపిస్తాడు. కొనేస్తారు. నా అభిప్రాయం ఏమంటే, వెలుగు ఎంత అనే దాని కంటే ముందు, ఎక్కడ పడల్ల అని అడగాలి.

పాత లైట్ల తీగ బల్బులో కరెంటు ఎక్కువ భాగం వేడిగానే పోయేది. ఎల్.ఇ.డి.లో ఆ నష్టం తక్కువ. తెల్లని వెలుగుకు దారి చూపిన నీలం ఎల్.ఇ.డి.ని కనిపెట్టినందుకు ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా అనే ముగ్గురికి 2014లో ఫిజిక్స్ నోబెల్ బహుమతి వచ్చింది.

డబ్బా మీద వాట్లు అంటే కరెంటు ఖర్చు. ల్యూమెన్లు అంటే మొత్తం వెలుగు. మా ఇంట్లో అది చదవగలిగేది నేనొక్కదాన్నే. అయితే ఆ వెలుగు దూరం పోతుందా, దగ్గరే పరుచుకుంటుందా అనేది బల్బు ముందుండే అద్దాన్ని, చుట్టూ ఉండే మెరిసే గిన్నెను బట్టి ఉంటుంది.

మదనపల్లె వైపు తెల్లారకముందే టమోటా క్రేట్లు మోసేవాళ్లకు రెండు చేతులూ ఖాళీగా ఉండల్ల. వాళ్లకు తలకు కట్టుకునే లైటు మేలు. పుంగనూరు పొట్టి ఆవులకు పేరు. రాత్రి ఆవు ఈనేటప్పుడు కళ్లల్లో కొట్టే వెలుగు వద్దు. కొట్టంలో తగిలించే మెల్లని లైటు చాలు. కుప్పం వైపు కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులు చేన్లలోకి వస్తాయి. అక్కడ దూరం కొట్టే లైటు కావాలి. అది ముందుగా చూసి వెనక్కి తిరగడానికే. ఏనుగు కళ్లల్లోకి కొట్టి రెచ్చగొట్టడం ధైర్యం కాదు.

రాత్రి నడకకు మాత్రం ఏ ఊర్లో అయినా నేల మీద పరుచుకునే చిన్న లైటే మంచిది. కట్లపాము తిరిగేది రాత్రిపూటే. దూరం కొట్టే లైటుకు చెట్టు కొన కనిపిస్తాది గానీ కాలి ముందు ఉండేది కనిపించదు.

ఇప్పుడు మన సంగతి. కరెంటు పోతే హాస్టల్ మొత్తానికి ఒకటే పెద్ద లైటు. అదీ ఆఫీసు గదిలో. అడగడానికి భయపడి చిన్న తరగతుల పిల్లలు తెల్లారేదాకా ఆపుకుంటారు. కొందరు సాయంత్రం నుంచే నీళ్లు తాగరు. దానివల్ల జబ్బులు వస్తాయి. పెద్ద లైటు వాచ్‌మన్ అన్న దగ్గర ఉండనీండి. మాకు గదికొక చిన్న ఛార్జింగు లైటు ఇప్పించండి. తలుపు పక్కన మేకుకు తగిలిస్తాం.

పిల్లలు పోగొడతారని అనవచ్చు. గది లీడరు సంతకం పెట్టి తీసుకుంటుంది. వారానికొకరు ఛార్జింగు చూసుకుంటాం. మొదటి వారం నేను చూసుకుంటాను.

— 9వ తరగతి విద్యార్థిని