వంటవాణ్ణి వెంటబెట్టుకొని వియత్నాం యాత్ర

మా ఎర్రగుంట్లలో పదవీ విరమణ చేసిన అయ్యవార్లం కొందరం ప్రతి ఆదివారం ఉదయం కలుసుకుంటాము. ఆ మధ్య ఒకనాడు అక్కడికి ఒక రంగుల కరపత్రం వచ్చింది. "వియత్నాం సంస్కృతి, రుచులు, ప్రకృతి: ఐదు రాత్రులు, ఆరు పగళ్ళు" అని శీర్షిక. దాని క్రిందనే, అంతకంటె పెద్ద అక్షరాలలో, "మూడు పూటలా తెలుగు భోజనం, వంటవారు మీ వెంటనే" అని హామీ. రుచులు చూపుతామని పై పంక్తిలో చెప్పి, చూడనివ్వమని క్రింది పంక్తిలో మాట ఇచ్చిన ఆ కాగితంలోని వదతోవ్యాఘాతం మాలో ఒక్కరికీ తట్టలేదు. పధ్నాలుగుమందిమి పేర్లిచ్చాము. నేనూ అడ్వాన్సు కట్టాను. ఇంటికి వచ్చి కార్యక్రమం నిదానంగా చదువుకున్న తరువాత నా పేరు తీసివేయమన్నాను. కట్టినదానిలో సగమే తిరిగి వచ్చింది. అది పోతే పోయింది. ముప్పై ఏళ్ళు ఒకే బడిలో నాతోపాటు పనిచేసిన లెక్కల అయ్యవారు నాతో పలకడం మానివేశారు. నేను అందరి ఉత్సాహం మీద నీళ్ళు చల్లానని ఆయన కోపం. ఆయన ముఖాన చెప్పలేకపోయినది ఇక్కడ వ్రాసుకుంటున్నాను.

ముందు ఆ కార్యక్రమం సంగతి. మొదటి రోజు హనోయి. రెండవ రోజు హాలాంగ్ అఖాతంలో పడవ షికారు. దానికి నేను వంక పెట్టను. సముద్రంలో నుంచి పదహారువందల పైచిలుకు సున్నపురాతి తిప్పలు లేచి నిలిచిన చోటు అది, ఎవరైనా చూడవలసినదే. మూడవ రోజు విమానంలో దానాంగ్, హోయ్ ఆన్. నాలుగవ రోజు పగలంతా బానా కొండలు. ఈ కొండల మీద ఏమున్నది? ఫ్రెంచివారు వేసవి విడిది కట్టుకున్న చోట ఇప్పుడొక ఫ్రెంచి పల్లెకు నకలు కట్టి ఉంచారు. 2018లో తెరచిన బంగారు వంతెన ఉన్నది. రెండు రాతి చేతులు దానిని ఎత్తి పట్టినట్లు కనిపిస్తాయి గాని అవి రాతివి కావు, ఇనుపవల మీద ఫైబరు గ్లాసు పూత. వియత్నాం సంస్కృతి చూడబోయి నకలు ఫ్రెంచి పల్లెలో, నకలు రాతిచేతుల నడుమ, మన పులిహోర తిని రావడం ఆ రోజు కార్యక్రమం. అదే దానాంగ్ నుంచి డెబ్బై కిలోమీటర్ల దూరంలో మీ సాన్ ఆలయాలున్నాయి. నాలుగవ శతాబ్దంలో భద్రవర్మ అనే రాజు భద్రేశ్వరుడి పేర శివుణ్ణి నిలిపిన లోయ అది. కరపత్రంలో దాని పేరైనా లేదు.

పైగా ప్రయాణం నవంబరు మొదటివారంలో. వియత్నాం నిలువునా సాగిన దేశం. ఒకే నెలలో ఒక కొసన చలి, మరొక కొసన ఎండ, నడుమ తుపాను ఉండవచ్చు. నడిమి తీరానికి అక్టోబరు, నవంబరు నెలలే వరదల కాలం. 2025 అక్టోబరు చివర హ్యూయే, హోయ్ ఆన్ పట్టణాలు నీట మునిగిన సంగతి పత్రికలలో వచ్చింది. మన ఊళ్ళో ఒక బోరు వేయించడానికి ముగ్గురు నీటి జాడ చెప్పేవాళ్ళను పిలిపించే మనం, లక్ష రూపాయలు పెట్టే ప్రయాణానికి అక్కడ వాన ఎప్పుడని అడగలేదు. పధ్నాలుగుమందీ అడిగిన ప్రశ్న ఒక్కటే, పెరుగు ఉంటుందా అని.

"అయివోరూ, యాడికి పోయినా మన నాలిక మనదే గదా! ఆ కప్పలూ పాములూ మనకేల?" అని లెక్కల అయ్యవారి ప్రశ్న. నేను శాకాహారిని. కనుక ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయను. అక్కడి మామూలు భోజనశాలలలో దాదాపు ప్రతి వంటలోను నూక్ మామ్ అనే చేపరసం పడుతుంది. చూపుకు కూరగాయలే కదా అని తినబోతే వ్రతభంగమే. కాని ఆ దేశంలో బౌద్ధం మహాయానం, అక్కడి భిక్షువులు మాంసం ముట్టరు. చాంద్రమాసంలో మొదటి రోజున, పదిహేనవ రోజున గృహస్థులు కూడ ఎందరో శాకాహారమే తింటారు. శాకాహారానికి వారి మాట 'చాయ్'. (మన చాయ్ కాదు, దాన్ని అడిగితే వారు వేరే ఇస్తారు.) 'కమ్ చాయ్' అని బోర్డు కట్టిన అన్నశాలలు ఊరూరా ఉంటాయి. అక్కడ సోయా పెరుగుగడ్డ, పుట్టగొడుగులు, లేత అరటిపువ్వు, రకరకాల ఆకుకూరలతో చేసే వంట కొన్ని వందల ఏళ్ళ సాధన. పాములూ కప్పలూ అని ముక్కు మూసుకునేవారు ఆ ఒక్క మాట నేర్చుకుంటే సరిపోయేదానికి గ్యాసు పొయ్యి, కుక్కరు, పప్పుల మూటలు విమానమెక్కిస్తున్నారు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన విషయానికి వస్తాను. ముప్పై ఏళ్ళు నిగమశర్మ కథ పాఠం చెప్పి, పాండురంగ మాహాత్మ్యం పేరు వేలసార్లు పలికినవాణ్ణి. వియత్నాం దక్షిణ తీరంలో ఫాన్ రాంగ్ అనే ఊరున్నదని, ఆ పేరు 'పాండురంగ' అన్న పేరుకు రూపాంతరమని నాకు అరవై దాటిన తరువాత, ఈ కార్యక్రమాన్ని తప్పుపట్టడానికి పుస్తకాలు తిరగవేస్తుంటే తెలిసింది. చంపా దేశపు విభాగాల పేర్లు వరుసగా వినండి: అమరావతి, విజయ, కౌఠార, పాండురంగ. వీటిలో చివరిదాకా నిలిచినది పాండురంగ. 1832లో వియత్నాం చక్రవర్తి మిన్ మాంగ్ దానిని కలుపుకున్నాడు.

ఆ పాండురంగ సీమ వియత్నాంలోకెల్లా మెట్టసీమ. మూడు దిక్కులా కొండలు అడ్డుపడి మేఘాన్ని రానివ్వవు. ఏడాదికి ఏడెనిమిదివందల మిల్లీమీటర్ల వాన, మన కడప జిల్లాకూ ఇంచుమించు అంతే. పచ్చటి వరిమళ్ళ దేశంలో అక్కడ మాత్రం గొర్రెల మందలు, ద్రాక్షతోటలు, ముళ్ళకంపలు. ఊరి ప్రక్క గుట్ట మీద పో క్లాంగ్ గరాయ్ ఆలయమున్నది. పదమూడవ శతాబ్దం చివర జయసింహవర్మ కట్టించిన ఇటుక గోపురం, ద్వారం మీద నాట్యమాడే శివుడు, లోపల ముఖలింగం, ముందు నంది. పంటలు పండాలని రైతులు ఆ నంది మూతి ముందు పచ్చి ఆకులూ వక్కలూ పెట్టేవారట. ఆ ఆలయం పేరుగల రాజు కట్టలు కట్టించి కాలువలు త్రవ్వించాడని అక్కడివారు చెప్పుకుంటారు. మెట్టసీమలో దేవుడైన రాజెవరైనా ముందు చెరువు త్రవ్వించినవాడే అయి ఉంటాడు! చంపా సంతతివారు నేటికీ ఏటా కాటే పండుగ నాడు ఆ గుట్ట ఎక్కుతారు. దేవుడి వస్త్రాలను భద్రపరచేది కొండల్లోని రాగ్లాయ్ జనం. పండుగకు వారే వాటిని క్రిందికి తెస్తారు.

అక్కడి మరొక ముచ్చట. మట్టిమూసలో బియ్యపుపిండి పోసి, మూత పెట్టి కాల్చే 'బాన్ కాన్' ఫాన్ రాంగ్ వీధులలో దొరుకుతుంది. బొమ్మ చూసి మా ఇంటావిడ "ఇవి మన గుంతపొంగణాలు గదండీ!" అన్నది.

ఇదంతా చెబితే, మాలో ఇంకొకరు "అయితే ఆ దేశం మనవాళ్ళు ఏలిందే" అని ఉప్పొంగిపోయారు. ఆ మాటతోనూ నాకు పేచీయే. మా ఎర్రగుంట్ల మండలంలోనే కలమళ్ళ ఉన్నది. రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు 575 ప్రాంతంలో వేయించిన తొలి తెలుగు శాసనం అక్కడిదే. చంపావారి తొలి మాతృభాషా శాసనం నాలుగవ శతాబ్దిది, మీ సాన్‌కు దాపునే త్రా క్యూ వద్ద దొరికింది. సంస్కృతం చదువుకుంటూనే తమ భాషను రాతికెక్కించడంలో వారు మనకంటె ముందున్నారు. వారు మన శిష్యులు కారు, మన సహాధ్యాయులు. సహాధ్యాయి ఇంటికి వెళ్ళినవాడు "ఈ ఇల్లు మాదే" అనడం మర్యాద కాదు, తన వంటను తాను కట్టుకుపోవడమూ మర్యాద కాదు. (ఆ పధ్నాలుగుమందిలో కలమళ్ళ చూసినవారు ముగ్గురని విచారిస్తే తేలింది. ఇక్కడినుంచి ఆటోలో పోవచ్చు.)

లెక్కల అయ్యవారు గట్టివారు. ఆయన చివరి అస్త్రం ఏనుగుల వీరాస్వామయ్య. "మీరు తెగ పొగిడే వీరాస్వామయ్య నూరుమందిని, డేరాలను, వంటవాళ్ళను వెంటబెట్టుకొని గదా కాశికి పోయింది?" నిజమే. 1830 మే 18న చెన్నపట్నం విడిచి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరినంతకాలం ఆయన తన మడి వంటే తిన్నాడు. కాని ఆ మనిషి ప్రతి మజిలీలో ఏ ధాన్యం పండుతుంది, ఏ సరుకు దొరుకుతుంది, నీళ్ళెట్లుంటాయి, జనం ఎట్లా బ్రతుకుతారు అని విచారించి మిత్రుడికి జాబులు వ్రాశాడు. నోరు కట్టుకున్నా కన్ను కట్టుకోలేదు. పదిహేను నెలలు నేలమీద ప్రయాణించాడు. వారు పోయేది ఆరు పగళ్ళు, అందులో రెండు విమానాశ్రయాలలోనే గడుస్తాయి. అయినా ఆయన వాదంలో బలం లేదనను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కనుక నేనూ మా ఇంటావిడా వేరే దారి పట్టాము. వారి సంవత్సరాది 'తెత్' జనవరి చివరకో ఫిబ్రవరిలోనో వస్తుంది, అప్పుడు రైళ్ళు క్రిక్కిరిసి దుకాణాలు మూతపడతాయి. అది దాటిన తరువాత బయలుదేరుతాము. ఆ కాలంలో నడిమి తీరాన వాన ఉండదు. కాటే పండుగ అక్టోబరు ప్రాంతంలో కనుక అది తప్పిపోతుంది, వగచి లాభం లేదు. వీసా ఇంటినుంచే కంప్యూటరులో తీసుకోవచ్చు, తొంభై రోజుల దాకా ఇస్తారు. దానాంగ్‌లో నాలుగు రోజులు, మీ సాన్ రెండుసార్లు, 1919లో తెరచిన చామ్ శిల్పాల మ్యూజియం ఒక పూట. అక్కడినుంచి ఆరువందల కిలోమీటర్ల పైచిలుకు రైలులో. దిగవలసిన స్టేషను పేరు 'థాప్ చామ్', అంటే చామ్ గోపురం. అక్కడ ఐదు రోజులు. హాలాంగ్ చూడము. మోకాళ్ళు సహకరిస్తే మరొకసారి.

"మీరేమన్నా అనుకోండి, బొరుగులూ శనక్కాయల పొడీ మాత్రం నేను పెట్టుకుంటాను" అన్నది మా ఇంటావిడ. ఇంత వ్రాసినవాణ్ణి వద్దనలేకపోయాను.

నిన్న సాయంత్రం లెక్కల అయ్యవారి భార్య ఆమెకు ఫోను చేశారు. ఆ పొంగణాలలో చేపరసం పిండిలోనే కలుపుతారా, ప్రక్కన పెడతారా అని ఆయన కనుక్కోమన్నారట. ప్రక్కనే పెడతారని, పైన వేసే గుడ్డూ రొయ్యా వద్దంటే వట్టివి కాల్చి ఇస్తారని చెప్పించాను.