నడిచేవాడికి దారేది?

హాస్టల్ గేటు దాటితే మాకు తెలిసిన వాహనాలు రెండే. ఒకటి కాళ్ళు, రెండోది ముగ్గురం పంచుకునే పాత సైకిలు. బస్ పాస్ ఉన్నా బస్టాపు దాకా నడవాల్సిందే, దిగాక రోడ్డు దాటాల్సిందే. ఫుట్‌పాత్ ఉన్నచోట ట్రాన్స్‌ఫార్మరో, నిలిపిన బైకులో అడ్డం. లేనిచోట తారురోడ్డు అంచే మా దారి. సైకిలు తొక్కేవాడికీ ఆ అంచే గతి. ఇసుక, గుంతలు ఉండేదీ అక్కడే. అందుకే మేము రోజూ వినే మాట ఒకటే: "జాగ్రత్తగా వెళ్ళండిరా!"

జాగ్రత్త మంచిదే. కానీ జాగ్రత్తంతా నడిచేవాడి బాధ్యతేనా?

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. అంటే రోజుకు సుమారు 90 మంది. ఒక హాస్టల్‌లో ఉండే పిల్లలంత మంది!

వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుందని ఫిజిక్స్‌లో చదువుకున్నాం. సెకనుకు 1.2 మీటర్లు నడిచేవాడికి 24 మీటర్ల రోడ్డు దాటడానికి 20 సెకన్లు కావాలి. ముసలివాళ్ళకు ఇంకా ఎక్కువ. సిగ్నల్ పది సెకన్లకే మారితే తప్పు ఎవరిది?

దారి కోసం అడగడం మన పెద్దలకు కొత్త కాదు. 1924లో అప్పటి తిరువాన్కూరు సంస్థానంలోని వైకోంలో, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద అందరూ నడిచే హక్కు కోసం సత్యాగ్రహం జరిగింది. మన రాజ్యాంగం 15(2) అధికరణంలో బావులు, చెరువులతోపాటు రోడ్ల వాడకంలోనూ కులం పేరుతో అడ్డు పెట్టరాదని రాశారు. ఆ రాత మనకు దారి తెరిచింది. ఈరోజు రోడ్డెక్కవద్దని ఎవరూ అనరు. కానీ బండి లేనివాడికి అక్కడ చోటు లేదు.

2025 మే నెలలో సుప్రీంకోర్టు, ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఫుట్‌పాత్ మీద అడ్డులేని దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి మేము అడిగేది దయ కాదు, హక్కు.

మిత్రులారా! మన హాస్టల్ నుంచి కాలేజీ దాకా ఫుట్‌పాత్‌ను టేపుతో కొలుద్దాం. ఎక్కడెక్కడ లేదో, ఎక్కడ అడ్డున్నదో, ఎక్కడ జీబ్రా గీతలు చెరిగిపోయాయో కాగితం మీద రాసి, అందరం సంతకాలు పెట్టి మున్సిపల్ అధికారులకు ఇద్దాం.

పూర్వ విద్యార్థులైన అన్నలకూ, అక్కలకూ ఒక మనవి. మీరూ ఇదే గేటు ముందు రోడ్డు దాటలేక నిలబడ్డవారే. ఇప్పుడు బండి మీ చేతిలో ఉంది. జీబ్రా గీతల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అవతల పుస్తకాలు పట్టుకుని నిలబడ్డది మీ తమ్ముడో, చెల్లెలో కావచ్చు.