పట్టా యొకరిది, ఫలసాయ మొకరిది

తన వేదికపై ప్రకటింపబడు వీడియోల స్వామ్యము వానిని తీసినవారిదే యని యూట్యూబు సంస్థ తన నిబంధనలలో వ్రాసికొన్నది. ఆ మాట అసత్యము కాదు. కాని ఆ పత్రమునందే, ఆ వీడియోలను ప్రపంచమంతట ప్రదర్శించుటకును, మార్పులు చేసి వినియోగించుటకును, ఆ యనుమతిని ఇతరులకు దత్తము చేయుటకును, కర్త యెట్టి రాయల్టీయు కోరక సమ్మతించినట్లు మరియొక షరతు గలదు. వీడియోను తొలగించిన పిమ్మటను కొంతకాలము అది చెల్లును. పట్టా రైతు పేర నుండగా పంట వేరొకరి గాదెకు జేరుట మన పాఠకులు ఎరుగని విషయము కాదు.

2005లో అమెరికాలో పుట్టిన ఈ సంస్థను మరుసటి యేడే గూగులు 165 కోట్ల డాలర్లకు కొనెను. దీర్ఘమైన వీడియోలపై వచ్చు ప్రకటనల రాబడిలో నూటికి 55 వంతులు కర్తల కిచ్చుచున్నారు. ఇది తక్కువ భాగము కాదని మేమును ఒప్పుకొందుము. పత్రికలు తమ రచయితల కింతమాత్ర మీయజాలవు. అయితే ఆ భాగము అందరికి లేదు. 1,000 మంది చందాదారులును (చందా చెల్లింపని చందాదారులు!), ఏడాదిలో 4,000 గంటల వీక్షణయు గలవారికే అది దక్కునని 2018లో నిర్ణయించిరి. అర్హత లేనివారి వీడియోలపై గూడ ప్రకటనలు వేసి, రాబడి నంతయు సంస్థయే యుంచుకొనవచ్చునని 2020 నవంబరులో అమెరికాలోను, మరుసటి యేట తక్కిన దేశములందును నిబంధన మార్చిరి. ఈ యొడంబడికలో కలము పట్టునది ఒక పక్షమే. రెండవ పక్షమునకు మిగిలినది అంగీకరించుటయో, తొలగిపోవుటయో.

తగవు వచ్చినప్పుడు స్థితి మరింత విచిత్రము. 2007లో ఏర్పడిన కంటెంట్ ఐడీ యను యంత్రము ఒక వీడియోలో ఇతరుల పాటను గుర్తించినచో, హక్కుదారు కోరినట్లు ఆ వీడియోను ఆపుటయో, దాని రాబడిని అతనికి మరల్చుటయో జరుగును. చౌర్యమును పట్టుటకు యంత్రము వలసినదే. కాని కర్త ఆక్షేపించినచో, దానిని తొలుత పరిశీలించువాడు ఆ హక్కు కోరినవాడే. అందుకు 30 దినముల గడువు. వాదియే న్యాయాధిపతి యన్నమాట!

స్వామ్యము నిలిచినను జీవనము పోవచ్చునని టిక్‌టాక్ వ్యవహారము చూపినది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వము దానితో గూడ 59 యాప్‌లను నిషేధించెను. నిషేధము యొక్క మంచిచెడ్డలు వేరు. కర్తల వీడియోలపై హక్కును ఎవరును హరింపలేదు. వారిని చూచు జనము మాత్రము ఒక్కదినమున లేకపోయెను.

మన సినిమా పాటల చరిత్ర ఇచ్చట స్మరింపదగినది. చిత్రమునకై వ్రాయించిన పాటపై, వేరొడంబడిక లేనిచో, తొలి స్వామ్యము నిర్మాతదే యని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2012లో పార్లమెంటు 1957 నాటి కాపీరైటు చట్టమును సవరించి, సినిమాహాలులో చిత్రముతో జరుగు ప్రదర్శనము గాక తక్కిన వినియోగములపై రాయల్టీలో సమానభాగము పొందు హక్కును, వారసులకును హక్కుల సంఘమునకును దప్ప, రచయితయు సంగీతకర్తయు ఎవరికిని వ్రాసి యీయజాలరని శాసించెను. అనగా బలహీనుడు సంతకము చేసినను చెల్లని షరతులు కొన్ని గలవని చట్టమే యంగీకరించెను.

వీడియో కర్తలకును ఇట్టి రక్షణయే కావలెను. రాబడి తెచ్చిన ప్రతి వీడియోలోను, ఎంత చిన్నవానికైనను, విడువరాని భాగ ముండవలెను. తగవును విచారించుటకు సంస్థతోగాని వాదితోగాని సంబంధము లేని మధ్యవర్తి యుండవలెను. పాటల రచయితలు 1977 నుండి 2012 వరకు, ముప్పదియైదేండ్లు వేచియుండిరి. వీరిని అంతకాలము నిలిపియుంచుటకు పార్లమెంటునకు ఈసారి కారణ మేదియు కానరాదు.