‘సిస్టమ్’ ఆజ్ఞకు అనువాదం

పర్ల్ భాషలో ఉన్న స్క్రిప్టును పైతాన్‌లోకి మార్చేవారు తక్కిన పంక్తులన్నింటి వద్దా జాగ్రత్తగానే ఉంటారు. ‘సిస్టమ్’ అనే ఆజ్ఞ వద్దకు వచ్చేసరికి మాత్రం నిశ్చింతగా ముందుకు సాగిపోతారు. పర్ల్‌లో ‘సిస్టమ్’ ఉన్నది, పైతాన్‌లో ‘ఓఎస్ డాట్ సిస్టమ్’ ఉన్నది. పేరూ అదే, కుండలీకరణాలూ అవే, వాటి నడుమ రాసే మాటలూ అవే. ఇక ఆలోచించవలసినదేమున్నది అనిపిస్తుంది. స్క్రిప్టు మొత్తంలో అధికంగా ఆలోచించవలసిన పంక్తి అదేనని నా అభిప్రాయం. తెలుగులో ‘ఉపన్యాసం’ సభలో చేసేది, హిందీలో ‘ఉపన్యాస్’ చదువుకునే నవల. రూపసామ్యం చూసి అర్థసామ్యాన్ని ఊహించినవాడు ఆ మాట వద్దనే బోల్తాపడతాడు.

పర్ల్‌ను 1987లో లోకానికిచ్చిన లారీ వాల్ భాషాశాస్త్రం చదువుకున్నవాడు. గైడో వాన్ రోసమ్ పైతాన్ తొలి ప్రతి 1991లో వెలువడింది. ఈ రెండు భాషలలోనూ ‘సిస్టమ్’ చేసే పని స్థూలంగా ఒకటే. నడుస్తున్న స్క్రిప్టు తనవల్ల కాని పనిని మరొక ప్రోగ్రాముకు అప్పగించి, అది ముగిసేదాకా వేచి ఉంటుంది. దస్త్రాన్ని నకలు తీయడం, కట్టగట్టడం, వెతకడం వంటివి అటువంటి పనులు. అయితే ఆజ్ఞ ఇచ్చేవానికీ పుచ్చుకొనేవానికీ మధ్య ఒక దుబాసీ ఉండవచ్చు. ఆ దుబాసీ పేరు షెల్. 1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో వచ్చిన బోర్న్ షెల్ వ్యాకరణమే నేటి లినక్సు షెల్‌లకూ మూలం. మనం ఒకే తీగగా ఇచ్చిన వాక్యానికి అది పదచ్ఛేదం చేస్తుంది. ఖాళీ కనబడితే పదం ముగిసిందంటుంది. నక్షత్రం గుర్తు కనబడితే దస్త్రాల పేర్లన్నీ వరుసగా చదువుతుంది. అర్ధవిరామం కనబడితే ఒక ఆజ్ఞ ముగిసి మరొక ఆజ్ఞ మొదలైందంటుంది.

ఆ దుబాసీ ఎప్పుడు రంగప్రవేశం చేస్తాడన్నదే ఈ అనువాదంలోని అసలు ప్రశ్న. వ్యాకరణ పరిభాషలో చెప్పుకుంటే సుబోధకంగా ఉంటుంది. పైతాన్‌లోని ‘ఓఎస్ డాట్ సిస్టమ్’కు షెల్ నిత్యం. మనం ఏమి రాసినా అది షెల్ చేతికే వెళుతుంది. పర్ల్‌లో ‘సిస్టమ్’కు ఒకే తీగ ఇస్తే షెల్ రాక బహుళం, మన అత్వసంధి వలె ఒకచోట కలుగుతుంది, ఒకచోట కలుగదు. తీగలో షెల్‌కు ప్రత్యేకార్థం గల గుర్తు ఏదైనా ఉంటే పర్ల్ షెల్‌ను పిలుస్తుంది. లేకుంటే ఖాళీల వద్ద తానే విడగొట్టి ప్రోగ్రామును నేరుగా నడుపుతుంది. అదే పర్ల్‌లో పదాలను విడివిడిగా జాబితాగా ఇస్తే షెల్ నిషిద్ధం. ఒకే పేరు క్రింద మూడు విధులున్నాయన్నమాట. మూలంలోని పంక్తి ఏ విధికి లోబడినదో తేల్చుకోకుండా మార్చడం సంధి విడదీయకుండా అర్థం చెప్పబూనడమే.

ఈ భేదం వల్ల ఏమి నష్టం కలుగుతుందో ఒక ఉదాహరణతో చూద్దాం. టైపు చేసి దాచుకున్న పద్యాల దస్త్రాలను మరొక డిస్కులోకి నకలు తీసి, తరువాత మొదటి చోట తొలగించే స్క్రిప్టు ఒకటి ఉన్నదనుకోండి. ఒక దస్త్రం పేరు ‘శతక పద్యాలు’. రెండు మాటల నడుమ ఖాళీ ఉన్నది. పేరును తీగలో యథాతథంగా అతికిస్తే షెల్ ‘శతక’ అని ఒక దస్త్రం, ‘పద్యాలు’ అని మరొక దస్త్రం ఉన్నాయనుకొని వెతుకుతుంది. రెండూ లేవు, నకలు జరగదు. పర్ల్‌లోని ఒకే తీగ రూపానికీ ఈ దోషం తప్పదు. కనుక మూలంలో ఉన్నదే మేమూ రాశామని అనువాదకుడు తప్పుకోరాదు. మూలంలోని లేఖక దోషాన్ని పరిష్కరించకుండా కొత్త ప్రతిలోకి ఎక్కించడం పరిష్కర్త ధర్మం కాదు.

ఆ పేరు పరాయివాడు పంపినదైతే ఆపద మరింత పెద్దది. పేరులోనే అర్ధవిరామం పెట్టి దాని వెనుక వినాశకరమైన ఆజ్ఞ ఒకటి చేరిస్తే, షెల్ దానినీ వినయంగా పాటిస్తుంది. షెల్‌లోనే లోపాలుండటమూ కద్దు. 2014 సెప్టెంబరులో బ్యాష్ అనే షెల్‌లో ‘షెల్‌షాక్’ అనే లోపం బయటపడింది. పరిసర చరరాశులలో వచ్చిన పాఠాన్ని ఆ షెల్ ఆజ్ఞలుగా నడిపేది. అవసరం లేనిచోట దుబాసీని పిలవకపోవడమే ఇటువంటి వాటి నుండి కొంతైనా రక్ష.

పైతాన్‌లో ఇందుకు తగిన సాధనం ‘సబ్‌ప్రాసెస్’. 2004లో పైతాన్ 2.4తో వచ్చింది. అందులోని ‘రన్’ అనే సులభరూపం 2015లో 3.5తో చేరింది. దానికి పదాలను జాబితాగా ఇస్తే షెల్ ప్రసక్తి ఉండదు. ‘శతక పద్యాలు’ అన్నది సమాసంగా, ఏకపదంగా గమ్యం చేరుతుంది. అయితే దుబాసీని పంపివేసిన తరువాత అతను చేసిపెట్టే పనులను మనమే చేసుకోవాలి. నక్షత్రం గుర్తును విప్పి చెప్పేవారుండరు కనుక ‘గ్లోబ్’ చేత పేర్లు తెప్పించుకోవాలి. ఫలితాన్ని దస్త్రంలోకి మళ్ళించాలన్నా, ఒక ప్రోగ్రాము నుండి మరొక ప్రోగ్రాముకు పంపాలన్నా వేరుగా చెప్పాలి. ఈ శ్రమకు వెరచి ‘షెల్ ఈక్వల్స్ ట్రూ’ అని రాసి పాత తీగను అలాగే ఉంచేవారున్నారు. ఆజ్ఞ మొత్తం మనం స్వయంగా రాసుకున్నదై, బయటి మాట ఒక్కటీ అందులో చేరకపోతే అది క్షమార్హమే. బయటి మాట చేరేచోట ఆ సౌకర్యాన్ని నేను సమర్థించలేను.

రెండవ చిక్కు ఫలితానిది. యూనిక్స్ సంప్రదాయంలో పని సఫలమైతే సున్న, విఫలమైతే మరొక సంఖ్య. పర్ల్ దృష్టిలో సున్న అంటే అసత్యం. అందుచేత ‘సిస్టమ్ లేదా డై’ అని రాస్తే పని చక్కగా జరిగినప్పుడే స్క్రిప్టు ఆగిపోతుంది. సున్నతో పోల్చి చూడటమే సరైన పద్ధతి. పైగా పర్ల్ ఇచ్చేది ఉన్న సంఖ్య కాదు, దానికి 256 రెట్లు. ఒక ప్రోగ్రాము 1 అని చెబితే పర్ల్‌లో 256 కనబడుతుంది. కనుక ఎనిమిది స్థానాలు కుడికి జరపడం, అనగా 256తో భాగించడం పర్ల్ రాసేవారికి అలవాటు. యూనిక్స్ వంశపు యంత్రాలలో ‘ఓఎస్ డాట్ సిస్టమ్’ కూడా ఆ 256నే ఇస్తుంది. ‘సబ్‌ప్రాసెస్’ మాత్రం నేరుగా 1 ఇస్తుంది. పాత అలవాటు చొప్పున ఆ ఒకటిని కూడా 256తో భాగిస్తే వచ్చేది సున్న. వైఫల్యం సాఫల్యంగా కనబడింది. మన ఉదాహరణలో నకలు జరగలేదు, కానీ జరిగిందని నమ్మిన స్క్రిప్టు మూలాన్ని తొలగించింది. ఏళ్ళ తరబడి టైపు చేసిన పద్యాలు పోయేది ఇలాంటి ఒక్క భాగహారం వల్లనే.

పిలిచిన ప్రోగ్రాము అసలు లేకపోతే ఏమవుతుంది? షెల్ లేకుండా పిలిస్తే పర్ల్ రుణ ఒకటి ఇచ్చి ఊరుకుంటుంది. ‘ఓఎస్ డాట్ సిస్టమ్’ షెల్ చెప్పిన 127ను 256 రెట్లు చేసి 32512 ఇస్తుంది. ‘సబ్‌ప్రాసెస్’కు జాబితా ఇస్తే మినహాయింపు లేవనెత్తి స్క్రిప్టునే ఆపుతుంది. కానీ ప్రోగ్రాము ఉండి పని విఫలమైనప్పుడు ‘రన్’ తనంతట తాను ఆగదు. ‘చెక్ ఈక్వల్స్ ట్రూ’ అని అడిగితేనే ఆగుతుంది. తొలగింపు వంటి పనికి ముందు ఈ మాట రాయడం విధిగా పెట్టుకోవాలి.

మూడవది తెలుగువారికి ప్రత్యేకించి పట్టవలసినది. ప్రోగ్రాము పలికిన మాటలను పట్టుకోవడానికి పర్ల్‌లో వెనుకకు వాలిన ఉద్ధరణ చిహ్నాలు వాడతారు. అలా దొరికేవి బైట్లు. ‘తెలుగు’ అన్న మాట మన చెవికి మూడక్షరాలు, యూనికోడ్‌లో ఆరు సంకేతాలు, యుటిఎఫ్-8లో పద్దెనిమిది బైట్లు. విప్పి చదవమని చెప్పకపోతే పర్ల్ దాని పొడవు 18 అంటుంది. పైతాన్ 3 కూడా మొదట బైట్లనే చేతికిస్తుంది. సంకేతనం యుటిఎఫ్-8 అని స్పష్టంగా తెలిపితే ఆరు సంకేతాల మాట వస్తుంది. ఈ సంగతి పట్టించుకోకుండా మాటను మధ్యలో తుంచితే గుణింతం తెగిపోతుంది. ఆంగ్ల పాఠంతో మాత్రమే పరీక్షించినవారికి ఈ దోషం కంటబడదు, అక్కడ ఒక అక్షరానికి ఒక బైటే కనుక.

ఇవన్నీ చెప్పిన మీదట నా అసలు మాట ఇది. చాలా సందర్భాలలో ‘సిస్టమ్’ ఆజ్ఞకు ఉత్తమమైన అనువాదం ఆ ఆజ్ఞను విడిచిపెట్టడమే. నకలుకు పైతాన్‌లో ‘షటిల్’ ఉన్నది, సంచయాలు సృష్టించడానికి ‘మేక్‌డర్స్’ ఉన్నది. వాటికి షెల్‌తోనూ, బయటి ప్రోగ్రాముతోనూ పని లేదు. నన్నయ భారతాన్ని తెనిగించినప్పుడు శ్లోకానికి శ్లోకం పేర్చలేదు, కథ నడిచే తీరును పట్టుకొని తెలుగు చేశాడు. ఇక్కడా పట్టుకోవలసినది ‘ఈ దస్త్రం అక్కడికి క్షేమంగా చేరాలి’ అన్న ఉద్దేశాన్ని. బయటి ప్రోగ్రాముకు సమానమైనది పైతాన్‌లో లేనప్పుడు మాత్రమే దానిని పిలవాలి, అదీ జాబితా రూపంలో.

ఈనాడు కృత్రిమ మేధను అడిగితే ఈ మార్పు క్షణంలో చేసి ఇస్తుంది, తరచు చక్కగానే ఇస్తుంది. అయినా దిద్దే బాధ్యత మనదే. దిద్దడానికి మూడు పరీక్షలు చాలు. పేరులో ఖాళీ ఉన్న తెలుగు దస్త్రం ఒకటి ఇవ్వండి. లేని ప్రోగ్రామును పిలిపించండి. తప్పక విఫలమయ్యే ఆజ్ఞ ఒకటి నడిపించండి. మూడింటిలోనూ కొత్త స్క్రిప్టు ఏమంటుందో చూశాకనే, మూలాన్ని తొలగించే పంక్తికి అనుమతి ఇవ్వండి.